తట్టు తగ్గాక ఆయాసం ఎందుకు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే విషయం మీద ఉన్నాయి. తట్టు అనండి, పొంగు అనండి, మీజిల్స్ అనండి, అది వచ్చిన పిల్లలకి నెమ్ము, అంటే నిమోనియా, చేయడం గురించే అందరి భయం. అందుకని జుట్టు రాలడం, పక్క తడపడం లాంటి ప్రశ్నలు వచ్చే సంచికకి దాచిపెట్టి, ఈ పేజీలన్నీ దీనికే ఇచ్చేస్తున్నాను.

*ప్రశ్న: డాక్టర్ గారూ, మాది నంద్యాల దగ్గర పల్లె. మా బాబుకి 14 నెలలు. తొమ్మిది నెలలప్పుడు వేసే ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా, ఆ రోజు ముక్కు కారుతోందని వేయించలేదు, తర్వాత అలా అలా వాయిదా పడిపోయింది. పోయిన నెల తట్టు పోసింది. ఐదో రోజుకి దద్దు నల్లబడి తగ్గుతోంది, జ్వరం కూడా వదిలింది, గండం గడిచింది అనుకున్నాం. రెండు రోజులకే మళ్లీ జ్వరం, డొక్కలెగరేయడం మొదలైంది. ఆస్పత్రిలో నిమోనియా అన్నారు, ఆక్సిజన్ పెట్టి వారం ఉంచారు. ఇప్పుడు బాగానే ఉన్నాడు. కానీ తట్టు పూర్తిగా బయటికి పోయకముందే నేను జ్వరం మందు వేశాను కాబట్టే అది లోపలికి దిగి ఊపిరితిత్తులకి పట్టిందని ఇంట్లో పెద్దవాళ్లు నన్నే అంటున్నారు. నిజంగా నా వల్లేనా?*

కాదమ్మా, మీ వల్ల కాదు. పారాసిటమాల్ జ్వరాన్ని తగ్గిస్తుంది, ఒళ్లు నొప్పులు తగ్గిస్తుంది, అంతవరకే. దద్దుని లోపలికి నెట్టే శక్తి దానికి లేదు, ఏ మందుకీ లేదు. అసలు తట్టు చర్మం మీద పుట్టి లోపలికి వెళ్లే జబ్బు కాదు, లోపల మొదలై ఆఖరున చర్మం మీద కనపడే జబ్బు. ఎవరో దగ్గితే గాల్లోకి వచ్చిన వైరస్ బాబు ముక్కులోంచి, గొంతులోంచి లోపలికి వెళ్లి, రోగాలతో పోరాడాల్సిన రక్షణ కణాల్లోనే ముందు కాపురం పెడుతుంది, వాటి మీదే సవారీ చేస్తూ ఒళ్లంతా తిరుగుతుంది. వైరస్ సోకాక జ్వరం మొదలవడానికి సుమారు పది రోజులు పడుతుంది, దద్దు కనపడటానికి సుమారు రెండు వారాలు. ముందు జ్వరం, దగ్గు, ముక్కు కారడం, కళ్లు ఎర్రబడటం, ఆ తర్వాతే చెవుల వెనక, నుదుటి దగ్గర దద్దు మొదలై మొహం, ఛాతీ, పొట్ట మీదుగా కాళ్ల దాకా దిగుతుంది. అంటే మీరు దద్దు చూసే నాటికే ఊపిరి గొట్టాల్లో వైరస్ పని చాలావరకు జరిగిపోయి ఉంటుంది.

ఆ పని ఏంటంటే, ముక్కు నుంచి ఊపిరితిత్తుల దాకా లోపల ఉండే సన్నటి పొరని పాడుచేయడం. మామూలుగా ఆ పొర మీద కంటికి కనిపించని నూగు ఉండి, లోపలికి పోయే మురికినీ క్రిముల్నీ కళ్లెతో పాటు ఎప్పటికప్పుడు పైకి నెట్టేస్తుంటుంది. తట్టు వచ్చినప్పుడు ఆ నూగు దెబ్బతింటుంది, పొర ఊడిపోతుంది. ఇంకోపక్క వైరస్ రక్షణ కణాల్నే దెబ్బకొట్టింది కాబట్టి కాపలా కూడా ఉండదు. మనందరి ముక్కుల్లో, గొంతుల్లో మామూలు రోజుల్లో ఏ గొడవా చేయకుండా పడి ఉండే న్యుమోకాకస్, హిబ్, స్టాఫ్ లాంటి బ్యాక్టీరియా అప్పుడు కిందికి జారి ఊపిరితిత్తుల్లో చేరి చీము పట్టిస్తుంది. దీనికి కొన్ని రోజులు పడుతుంది. అందుకే దద్దు తగ్గుముఖం పట్టి, జ్వరం వదిలి, ఇంట్లో అందరూ కాస్త నిద్రపోదాం అనుకునే సమయానికి మళ్లీ జ్వరం వస్తుంది. మీ బాబు విషయంలో జరిగింది ఇదే అయి ఉంటుంది.

ఇది కాక ఇంకో రకం ఉంది. బ్యాక్టీరియాతో పని లేకుండా తట్టు వైరస్సే నేరుగా ఊపిరితిత్తుల్ని వాచేలా చేస్తుంది. అది ముందే, దద్దు మంచి జోరు మీద ఉన్నప్పుడే కనిపించవచ్చు. రెండూ కలిసి రావడం కూడా మామూలే, ఎక్స్‌రే చూసి ఇది ఫలానాది అని గీత గీసి చెప్పడం చాలాసార్లు మావల్ల కాదు.

మీ పెద్దవాళ్ల మాటలో ఒక్క చోట మాత్రం వాళ్ల చూపుని మెచ్చుకోవాలి. దద్దు సరిగ్గా పైకి రాని పిల్లల్లో కొందరికి జబ్బు ముదురుతుందని పాతకాలం వాళ్లు గమనించారు, అందులో నిజం ఉంది. దద్దు అంటే వైరస్ చేరిన చోట మన రక్షణ కణాలు దాని మీద పడి పోరాడటం. బాగా బలహీనంగా ఉన్న పిల్లల్లో, హెచ్ఐవి లాంటి జబ్బులున్న పిల్లల్లో, క్యాన్సర్ మందులు వాడుతున్న పిల్లల్లో ఆ పోరాటమే సరిగ్గా జరగదు కాబట్టి దద్దు పలచగా వస్తుంది, ఒక్కోసారి అసలు రాదు, నిమోనియా మాత్రం భయంకరంగా వస్తుంది. చూసింది నిజమే, చెప్పుకున్న కారణమే తప్పు.

తట్టు వచ్చిన పిల్లల్లో సుమారు 20 మందిలో ఒకరికి నిమోనియా వస్తుందని అమెరికా ఆరోగ్య శాఖ లెక్క. సరిగ్గా తిండి లేక బరువు తక్కువగా ఉన్న పిల్లల్లో, ఇరుకిళ్లలో, రెండేళ్లలోపు వాళ్లలో ఇంకా ఎక్కువ. తట్టు వల్ల చనిపోయే చిన్నపిల్లల్లో ఎక్కువమంది ప్రాణం తీసేది నిమోనియానే, ఒంటి మీద దద్దు కాదు. అందుకే నా దగ్గరికి వచ్చేవాళ్లతో ఎప్పుడూ ఒకటే చెబుతాను, దద్దు ఎంతవరకు దిగిందో చూడటం కాసేపు ఆపి, చొక్కా పైకెత్తి ఊపిరి ఎలా తీస్తున్నాడో చూడండి అని.

*ప్రశ్న: మా పాపకి మూడేళ్లు. తట్టు వచ్చి దగ్గుతోంది. తట్టులో దగ్గు మామూలే అంటున్నారు కదా, మరి మామూలు దగ్గు ఏదో, నెమ్ము చేసిన దగ్గు ఏదో ఇంట్లో మాకెలా తెలుస్తుంది? ప్రతి దగ్గుకీ 30 కిలోమీటర్లు వెళ్లలేం. (ఖమ్మం జిల్లా నుంచి ఒక తండ్రి)*

మంచి ప్రశ్న, దీనికి స్టెతస్కోప్ అక్కర్లేదు. దగ్గు ఎంత గట్టిగా ఉంది, కళ్లె వస్తోందా లేదా అన్నవి పెద్దగా పనికిరావు. తట్టులో దగ్గు దద్దు పోయాక కూడా వారం పది రోజులు సాగుతుంది, అది ఒక్కటే ఉంటే కంగారు లేదు. చూడాల్సింది ఊపిరి వేగం.

పాప ఏడుపు ఆపి నెమ్మదిగా ఉన్నప్పుడు, నిద్రలో అయితే ఇంకా మంచిది, పాలు తాగుతున్నప్పుడు మాత్రం కాదు, చొక్కా తీసి పొట్టా ఛాతీ ఎన్నిసార్లు పైకి లేస్తున్నాయో ఫోన్‌లో టైమర్ పెట్టుకుని పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించకండి, పిల్లలు కాసేపు వేగంగా, కాసేపు మెల్లగా తీస్తారు కాబట్టి లెక్క తప్పుతుంది. రెండు నెలల లోపు పసిపిల్లల్లో నిమిషానికి 60 గానీ అంతకంటే ఎక్కువ గానీ, 2 నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే అది వేగం కిందే లెక్క. మీ పాపకి 40 గుర్తుపెట్టుకోండి. ఆశా కార్యకర్తలకి, ఏఎన్ఎంలకి నేర్పేదీ ఈ లెక్కే, కాబట్టి మీకు లెక్క తేడాగా అనిపిస్తే ఆవిడని పిలిచి ఇంకోసారి చూడమనండి. బాగా జ్వరం ఉన్నప్పుడు ఎవరైనా కాస్త వేగంగానే ఊపిరి తీస్తారు, జ్వరం మందు వేసి తగ్గాక మళ్లీ లెక్కపెట్టండి, అప్పటికీ ఎక్కువగానే ఉంటే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి, రేపు చూద్దాం అనుకోకూడదు.

ఇక లెక్కతో పని లేకుండా వెంటనే బయల్దేరాల్సినవి కొన్ని ఉన్నాయి. ఊపిరి పీల్చినప్పుడు పక్కటెముకల కింద భాగం లోపలికి గుంట పడటం, అదే మనం డొక్కలెగరేయడం అంటాం. ప్రతి ఊపిరికీ మూలగడం. ఏడవకుండా ఉన్నప్పుడు కూడా గొంతులోంచి కీచుమని శబ్దం రావడం, ఎందుకంటే తట్టు గొంతుని కూడా వాపెక్కించి దారి మూసేస్తుంది. పెదాలు, నాలుక నీలంగా మారడం. పాలు, నీళ్లు తాగలేకపోవడం, తాగిందల్లా కక్కేయడం, ఫిట్స్, పిలిచినా పలక్కుండా మగతగా పడుకోవడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా 108కి ఫోన్ చేయండి, పక్కింటి కారు ఉంటే దాన్లోనే బయల్దేరండి.

దద్దు కనపడిన మూడు నాలుగు రోజులకి జ్వరం తగ్గిపోవాలి. నాలుగో రోజు దాటినా తగ్గకపోయినా, తగ్గి మళ్లీ వచ్చినా ఏదో ఒకటి తోడైందనే అనుకోవాలి, నిమోనియా కావచ్చు, చెవిలో చీము కావచ్చు.

అన్నట్టు, కోవిడ్ రోజుల్లో అందరూ కొనుక్కున్న వేలికి తగిలించే ఆక్సిజన్ మీటర్ ఉంది చూశారూ, అది పెద్దవాళ్ల వేలికి చేసింది. చిన్నపిల్లల సన్నటి వేలికి పెడితే ఒకసారి 98 అంటుంది, ఒకసారి 85 అంటుంది. దాన్ని చూసి ధైర్యమూ తెచ్చుకోవద్దు, టెన్షనూ పడొద్దు.

*ప్రశ్న: డాక్టరు బాబూ, నేను శ్రీకాకుళం జిల్లాలో ఉంటాను, నాకు 70 దాటాయి. మా కాలంలో అమ్మవారు పోస్తే వేపమండలు కట్టి, తలుపులేసి, సాంబ్రాణి వేసి, స్నానం లేకుండా, మందూ మాకూ లేకుండా, పలచటి జావతో పథ్యం పెట్టి మూడోనాడో ఐదోనాడో నీళ్లు పోసేవాళ్లం. ఇప్పుడు నా మనవరాలు వాళ్ల బిడ్డకి వెంటనే డాక్టరు దగ్గరికి పరిగెత్తింది. అమ్మవారికి కోపం రాదా? ఏది ఉంచుకోవాలి, ఏది వదిలేయాలి?*

అమ్మా, మీరు అడిగిన తీరు నాకు నచ్చింది, ఏది ఉంచుకోవాలి అని అడిగారు కాబట్టి అలాగే చెబుతాను. వేపమండలు ఉంచుకోండి. గుమ్మానికి కట్టిన వేపమండ చూసి పొరుగు పిల్లలు లోపలికి రాకుండా ఉంటారు, ఆ లాభం చిన్నది కాదు. తట్టు అంత తొందరగా అంటుకునే జబ్బు ఇంకోటి లేదనే చెప్పాలి. దద్దు రావడానికి నాలుగు రోజుల ముందు నుంచి, వచ్చాక నాలుగు రోజుల దాకా అంటిస్తుంది, బిడ్డ గదిలోంచి వెళ్లిపోయినా రెండు గంటల వరకు వైరస్ ఆ గాల్లోనే ఉండగలదు. ఒకరికి వస్తే, రక్షణ లేని వాళ్లు చుట్టూ ఉంటే వాళ్లలో 12 నుంచి 18 మందికి అంటుకుంటుందని లెక్క. కాబట్టి బిడ్డని విడిగా ఉంచే మీ కాలపు నియమం బంగారం లాంటిది.

తలుపులు మూయడం మాత్రం వద్దు, కిటికీలు తెరవండి, గాలి ఆడాలి. సాంబ్రాణి అసలే వద్దు. ఊపిరి గొట్టాల్లో పొర ఊడిపోయి పచ్చిగా ఉన్న బిడ్డకి పొగ పెట్టడం కంటే అన్యాయం లేదు, కట్టెల పొయ్యి పొగ అయినా, ఇంట్లో మగవాళ్ల బీడీ పొగ అయినా అంతే. గోరువెచ్చని నీళ్లతో ఒళ్లు తుడవొచ్చు, కళ్ల పుసి శుభ్రమైన తడిగుడ్డతో మెల్లగా తీయొచ్చు, కళ్లలో మాత్రం చనుబాలు, ఆకుపసరు, తేనె ఏవీ వేయకండి. తట్టులో కంటిచూపు పోయిన పిల్లలు మన ఊళ్లలో ఒకప్పుడు కనిపించేవాళ్లు, మీరూ చూసే ఉంటారు.

ఇక పథ్యం. దీని దగ్గర నేను మెత్తగా మాట్లాడలేను. నోరు పూసి, దగ్గి దగ్గి, జ్వరంతో ఒళ్లు కరిగిపోతున్న బిడ్డకి పలచటి జావ మాత్రమే పోస్తే, పోరాడటానికి ఉన్న కాస్త బలం కూడా పోతుంది. తల్లిపాలు అడిగినన్నిసార్లు ఇవ్వాలి. మెత్తటి పప్పన్నం, కాస్త నెయ్యి, గుడ్డు, అరటిపండు, పెరుగు, ఏది మింగగలిగితే అది, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టండి. నోట్లో పుండ్లుంటే కారం, పులుపు లేకుండా చల్లారబెట్టి పెడితే చాలు. విరేచనాలు కూడా తట్టులో మామూలే, ఓఆర్ఎస్ కలిపి తాగించండి.

అమ్మవారి కోపం సంగతి నేను చెప్పగలిగేది కాదు కానీ, పిల్లల్ని కాపాడమని మొక్కే తల్లి పిల్లని ఆస్పత్రికి తీసుకెళ్తే ఎందుకు కోప్పడుతుంది చెప్పండి. మొక్కు మొక్కండి, ఆస్పత్రికీ పంపండి. పనిలో పనిగా మీ ఊరి ఆశా కార్యకర్తకి ఒక మాట చెప్పండి. జ్వరంతో దద్దు వచ్చిన పిల్లల వివరాలు వాళ్లు పై వాళ్లకి పంపాలి, రక్తపరీక్ష చేయించి తట్టేనా అని తేల్చుకుంటారు, చుట్టుపక్కల టీకా పడని పిల్లలకి వేస్తారు. ఇంట్లో తలుపులేసి దాచుకుంటే పక్కవీధి పిల్లకి ఆ అవకాశం పోతుంది.

*ప్రశ్న: మా డాక్టరు తట్టు అని చెప్పి యాంటీబయాటిక్ రాయలేదు, విటమిన్ ఎ ద్రావణం మాత్రం రెండు రోజులు వరసగా వేయించారు. మందుల షాపులో అడిగితే 'నెమ్ము రాకుండా ముందే వాడాలి' అని యాంటీబయాటిక్ సిరప్ ఇచ్చాడు. వాడమంటారా? విటమిన్ ఎ మంచిదైతే ఇంకొన్ని రోజులు వేయొచ్చా? (వరంగల్)*

మీ డాక్టరు చేసింది కరెక్టు. షాపతను ఇచ్చింది వాడకండి. తట్టు వైరస్, యాంటీబయాటిక్ దాని మీద పనిచేయదు. నిమోనియా లక్షణాలు, చెవిలో చీము లాంటివి కనిపిస్తే అప్పుడు తప్పకుండా వాడాలి, ఆలస్యం చేయకుండా, బరువుని బట్టి, రాసినన్ని రోజులూ. ఏమీ లేని పిల్లలందరికీ ముందు జాగ్రత్తగా పోయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పదు. పైగా షాపు సిరప్ తాగుతున్నాడు కదా అని ధీమాగా ఉండి, ఊపిరి వేగం చూడటం మానేస్తారు. నాకు అదే ఎక్కువ భయం. దగ్గు సిరప్పులు, ఆస్పిరిన్ కూడా వద్దు.

విటమిన్ ఎ వేరే కథ. తట్టు వచ్చినప్పుడు ఒంట్లో ఈ విటమిన్ నిల్వలు ఒక్కసారిగా పడిపోతాయి. కళ్లకీ, ఊపిరి గొట్టాల పొర మళ్లీ కట్టుకోవడానికీ అది కావాలి. రెండు రోజులు వరసగా రెండు మోతాదులు ఇస్తే ముఖ్యంగా రెండేళ్లలోపు పిల్లల్లో మరణాలు తగ్గుతాయని పరిశోధనల్లో తేలింది. ఆరు నెలల లోపు 50 వేల యూనిట్లు, 6 నుంచి 11 నెలల వాళ్లకి లక్ష, ఏడాది దాటితే 2 లక్షలు, రోజుకి ఒక్కసారి, రెండు రోజులు. కళ్లలో విటమిన్ లోపం గుర్తులుంటే కొన్ని వారాల తర్వాత మూడోది. తొమ్మిదో నెలలో ఎంఆర్ టీకాతో పాటు, ఆ తర్వాత ఆరు నెలలకోసారి మన దగ్గర చెంచాతో పోసే విటమిన్ ఎ కూడా ఇదే మందు, కానీ అది పోయించాం కదా అని తట్టు వచ్చినప్పుడు ఇది మానకూడదు.

అలాగని ఇంకొన్ని రోజులు పొయ్యడం మాత్రం చేయకండి. నీళ్లలో కరిగే విటమిన్ కాదిది, ఎక్కువైతే మూత్రంలో పోదు, కాలేయంలో పేరుకుంటుంది. 2025లో అమెరికాలోని టెక్సాస్‌లో తట్టు ప్రబలినప్పుడు కొందరు తల్లిదండ్రులు టీకా బదులు ఇంట్లోనే విటమిన్ ఎ ఎక్కువగా వాడారు, లబ్బక్‌లో ఆస్పత్రికి వచ్చిన కొందరు పిల్లల్లో కాలేయం పరీక్షలు తేడాగా వచ్చాయి. మందు మంచిదే, కానీ అది టీకాకి బదులు కాదు. మన దగ్గర చదువుకున్నవాళ్లలోనూ ఈ 'సహజంగా' పిచ్చి మెల్లగా పెరుగుతోంది.

*ప్రశ్న: పెద్దబ్బాయికి నిన్న తట్టు అని తేలింది. చిన్నది ఐదు నెలల పాప, ఇద్దరూ ఒకే మంచం మీద పడుకుంటారు. పాపకి వస్తే నిమోనియా అవుతుందేమోనని నిద్ర పట్టడం లేదు. (గుంటూరు)*

ఈపాటికే అంటి ఉండొచ్చు, దాచను. అయినా చేయగలిగింది ఉంది, కానీ టైం తక్కువ. ఇది చదివేలోపు మీకు ఆలస్యం కాకూడదని పత్రిక వాళ్లు ఫోన్‌లో చెప్పేశారు, మిగతావాళ్ల కోసం రాస్తున్నాను. ఆరు నెలలు దాటిన పిల్లలకి, తట్టు ఉన్నవాళ్ల దగ్గర మొదటిసారి ఉన్న 72 గంటల లోపు టీకా వేస్తే జబ్బు రాకుండా ఆగవచ్చు, లేదా తేలికగా పోవచ్చు. ఆరు నెలల లోపు వాళ్లకి టీకా వేయరు, ఆరు రోజుల లోపు ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే రక్షణ ఇంజెక్షన్ ఇచ్చే వీలుంది, పెద్దాస్పత్రిలో పిల్లల డాక్టరుని అడగండి. ఇక్కడ మెలిక ఏంటంటే, పెద్దాడికి దద్దు రాకముందు నాలుగు రోజుల నుంచే అంటుతోంది కాబట్టి, దద్దు చూసి లెక్కేసుకుంటే 72 గంటలు ఎప్పుడో అయిపోయి ఉంటాయి. ఆ ఇంజెక్షన్ ఇస్తే తర్వాత ఎంఆర్ టీకాకి కొన్ని నెలలు ఆగాలి, ఎన్నాళ్లో రాయించుకోండి.

పాలు ఇస్తూనే ఉండండి. మీకు చిన్నప్పుడు తట్టు వచ్చి ఉంటే, లేదా టీకాలు పడి ఉంటే కడుపులో ఉన్నప్పుడే పాపకి కొంత రక్షణ వచ్చి ఉంటుంది, ఐదో నెలకి అది పలచబడుతుంది కానీ మొత్తం పోయి ఉండదు. మూడు వారాల పాటు పాప ఊపిరి, జ్వరం చూసుకోండి. ఇంకో మాట, ఆస్పత్రికి వెళ్లేముందు ఫోన్ చేసి 'తట్టు ఉన్న ఇంటి నుంచి వస్తున్నాం' అని చెప్పండి. వెయిటింగ్ హాల్లో నెలల పిల్లల మధ్య గంటసేపు కూర్చోబెట్టడం కంటే వాళ్లు మిమ్మల్ని నేరుగా లోపలికి పిలుస్తారు.

*ప్రశ్న: జలుబు, కొద్దిగా దగ్గు ఉన్నప్పుడు ఎంఆర్ టీకా వేయించొచ్చా? (తిరుపతి)*

వేయించొచ్చు. ఒళ్లు కాలిపోయే జ్వరం ఉంటేనో, ఆస్పత్రిలో చేర్చేంత జబ్బుగా ఉంటేనో ఆగాలి. ముక్కు కారడానికి ఆగితే ఆ వయసులో టీకా ఎప్పటికీ పడదు, రెండు వారాలకో జలుబు వస్తూనే ఉంటుంది. మన ప్రభుత్వ లెక్కలో 9 నుంచి 12 నెలల్లో ఒకటి, 16 నుంచి 24 నెలల్లో రెండోది. తొమ్మిది నెలలకి వేసింది వందలో సుమారు 85 మందిని కాపాడుతుంది, రెండూ పడితే 95కి పైనే. మిస్సయితే ఐదేళ్ల లోపు ఎప్పుడైనా ప్రభుత్వ కేంద్రంలో ఉచితంగా వేస్తారు, సిగ్గుపడకుండా వెళ్లండి.

*ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటాం. మా బాబుకి ఏడు నెలలు. పుట్టువెంట్రుకలు తీయించడానికి వచ్చే నెల తిరుమల వస్తున్నాం. ఇక్కడ ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) టీకా ఏడాది దాటాకే వేస్తారు. ముందే వేయించమని మా అత్తగారు, వద్దని మా అమ్మ. మీరేమంటారు?*

ఈసారికి మీ అత్తగారి వైపే. 6 నుంచి 11 నెలల పిల్లల్ని దేశం దాటిస్తుంటే ఒక డోసు ముందే వేయించమని అమెరికా ఆరోగ్య శాఖే చెబుతోంది, బయల్దేరడానికి కనీసం రెండు వారాల ముందు వేయించండి. అది అదనపు డోసు, లెక్కలోకి రాదు, ఏడాది దాటాక అక్కడి లెక్క ప్రకారం మళ్లీ రెండూ వేయించాలి. క్యూ కాంప్లెక్స్‌లో, కల్యాణకట్టలో వందలమంది మధ్య ఏడు నెలల పిల్లాడు, ఆలోచించండి. ఇండియాలోనూ తట్టు ఎక్కువగా ఉన్న చోట్ల ఆరు నెలలు దాటిన వాళ్లకి ఇలా ముందు డోసు వేస్తారు. 2022 చివర్లో ముంబయిలోని గోవండి చుట్టుపక్కల బస్తీల్లో తట్టు ప్రబలి చిన్నపిల్లలు చనిపోయినప్పుడు కేంద్రం ఈ సలహా ఇచ్చింది.

మీరు ఉన్న చోట భయం లేదని మాత్రం అనుకోకండి, పైన చెప్పిన టెక్సాస్ కేసులు మీ రాష్ట్రంలోవే. 2025లో అక్కడ 760కి పైగా కేసులొచ్చాయి, టీకా వేయించని ఇద్దరు బడి పిల్లలు చనిపోయారు. బాబు తల్లిదండ్రులుగా మీ ఇద్దరి టీకా కాగితాలు కూడా ఒకసారి చూసుకోండి, మన తరంలో చాలామందికి ఒక్క డోసే పడింది. బాబు తల్లి మళ్లీ గర్భవతి అయితే మాత్రం ఈ టీకా వేయించుకోకూడదు.

*ప్రశ్న: తట్టు, నిమోనియా వచ్చి తగ్గి రెండు నెలలైంది. అప్పటి నుంచి మా రెండేళ్ల బాబుకి ఏదో ఒకటి, ఒకసారి విరేచనాలు, ఒకసారి చెవిపోటు, మళ్లీ దగ్గు. బరువు పెరగడం లేదు. ఎవరిదో దిష్టి అంటున్నారు. ఇంక ఎంఆర్ టీకా అవసరం లేదు కదా? (కరీంనగర్)*

దిష్టి తీసుకుంటే తీసుకోండి, కానీ కారణం తట్టే. అది రక్షణ కణాల మీద పడుతుందని మొదటి జవాబులో చెప్పాను కదా, ఆ దెబ్బ దద్దుతో పాటే పోదు. బాబు ఒళ్లు అంతకుముందు నేర్చుకున్న రోగాల గుర్తుల్ని కూడా తట్టు చెరిపేస్తుంది. నెదర్లాండ్స్‌లో టీకా వేయించని పిల్లల రక్తం తట్టుకి ముందూ తర్వాతా పరీక్షించి 2019లో ప్రచురించారు, రకరకాల క్రిముల మీద వాళ్లకి ఉన్న యాంటీబాడీల్లో 11 నుంచి 73 శాతం దాకా మాయమైపోయాయి. ఇది సర్దుకోవడానికి నెలలు, ఒక్కోసారి రెండు మూడేళ్లు పట్టొచ్చు. టీకాలో ఉండే బలహీనపరిచిన వైరస్‌తో ఈ గొడవ లేదు.

కాబట్టి చేయాల్సినవి చెబుతాను. మామూలు తిండికి అదనంగా రోజుకి ఒక పూట పెట్టండి, కనీసం బరువు పాత లెక్కకి వచ్చేదాకా, అంగన్‌వాడీలో ప్రతి నెలా తూకం వేయించండి. ఎంఆర్ టీకా అవసరమే, తట్టు మళ్లీ రాదు గానీ అందులో రుబెల్లా అనే ఇంకో దద్దు జబ్బు నుంచి రక్షణ కూడా ఉంది. పుస్తకం తీసి న్యుమోకాకస్ టీకా మూడు డోసులు పడ్డాయా చూడండి, ఆరు వారాలు, 14 వారాలు, తొమ్మిది నెలలకి వేసేది, 2021 నుంచి దేశమంతటా ఉచితంగా వేస్తున్నారు. హిబ్ టీకా పెంటావాలెంట్ అనే ఐదు జబ్బుల టీకాలోనే ఉంటుంది. నెమ్ముకి కారణమయ్యే రెండు ముఖ్యమైన బ్యాక్టీరియాల నుంచి ఇవి చాలావరకు కాపాడతాయి.

దగ్గు మాత్రం నేను తేలిగ్గా తీసుకోను. రెండు వారాలు దాటిన దగ్గు, బరువు పెరగకపోవడం, సాయంత్రాలు జ్వరం ఉంటే టీబీ పరీక్ష చేయించండి. తట్టు తర్వాత లోపల దాగిన టీబీ బయటపడటం పాత సంగతి, తట్టు ఉన్నప్పుడు టీబీ చర్మ పరీక్ష పనిచేయకుండా పోతుందని వాన్ పిర్కే అనే డాక్టరు 1908లోనే గమనించాడు. ఇంట్లో ఎవరికైనా ఇంతకుముందు టీబీ ఉంటే ఆ సంగతి డాక్టరుకి దాచకుండా చెప్పండి. ప్రభుత్వ ఆస్పత్రిలో పరీక్ష, మందులు రెండూ ఉచితం. వెళ్లేటప్పుడు అప్పటి ఎక్స్‌రే, డిశ్చార్జి కాగితం తీసుకెళ్లండి, పాత ఫిల్మ్ పక్కన కొత్తది పెట్టి చూస్తేనే తేడా తెలుస్తుంది.